గ్లాసులో మిగిలిన కాఫీ

సభకు వచ్చిన పెద్దలకు, విజయనగరంలో కాఫీ హోటళ్లు నడుపుతున్న మిత్రులకు నమస్కారం.

యజమాని కలుపుగోలుగా ఉంటే గిరాకీ పెరుగుతుందన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ కలుపుగోలుతనం కాఫీ రుచిని కూడా మారుస్తుందని చెప్పడానికే వచ్చాను. ఇది అనుభవం మీద అంటున్న మాట.

గంటస్తంభం దగ్గర నేను ఏళ్ల తరబడి వెళ్తున్న చిన్న హోటలు ఒకటుంది. ఒకనాడు సగం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. డబ్బులు ఇవ్వబోతే యజమాని అందుకోకుండా గ్లాసు వంక చూసి, "వదిలేసినారేటి మేష్టారూ, బాగులేదా?" అని అడిగాడు. చేదుగా ఉందనీ, వాసనే లేదనీ ఉన్నమాట చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. లోపలికి పిలిచి పొడి పొట్లం చూపించాడు. సరుకు వేసే మనిషి మారాడు, పొడి కూడా మారింది. కాఫీ గింజకు తోడు చికోరీ అనే మొక్క వేరును వేయించి కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, ఏది ఎంత కలిపారో పొట్లం మీద ముద్రించాలనీ నిబంధన ఉంది. అంటే చికోరీ 49 శాతం వరకూ ఉండవచ్చు. చికోరీ చవక, పైగా డికాక్షన్‌కు నలుపూ చిక్కదనమూ ఇస్తుంది కనుక చూపుకు కాఫీ ఘనంగానే ఉంటుంది. పాళ్లు మించితే మాత్రం గింజ సువాసన అణగిపోయి చేదు మిగులుతుంది. దానికి తోడు పొద్దున్న దించిన డికాక్షన్‌నే సాయంత్రం దాకా వేడి మీద ఉంచుతున్నారు. ఆయన పాత పొడికి మళ్లాడు, సాయంత్రం వేళకు మరోసారి డికాక్షన్ దించడం మొదలుపెట్టాడు. మన పొరుగునే పండే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత మంచి గింజ పక్కనే ఉన్న ఊరిలో కాఫీ వాసన లేకుండా ఉండటం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇంకొక చోట ఇలాగే రెండుసార్లు చెడ్డ కాఫీ తాగాను. అక్కడి యజమాని తల ఎత్తి చూడలేదు, నేనూ చెప్పలేదు, మూడోసారి వెళ్లలేదు. ఎందుకు మానేశానో ఆయనకు ఈనాటికీ తెలియదు. తప్పు చెప్పాలంటే చనువు ఉండాలి, ఆ చనువు ముందుగా గల్లాపెట్టె వెనుక నుంచి రావాలి.

అయితే ఆ చనువు ఎవరికి దక్కుతోంది? కలెక్టరేటు ఉద్యోగి వస్తే "రండి రండి" అని కుర్చీ తుడిచి, గజపతినగరం వైపు నుంచి ఆసుపత్రి పనికి వచ్చిన ముసలమ్మకు మొహం చూడకుండా గ్లాసు తోసే యజమానులను నేను ఎరుగుదును. దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి మన తెలుగు పల్లెల్లోనూ నడిచింది. హోటళ్లలోకి ప్రవేశం విషయంలో కులం, మతం, లింగం పేరిట ఎవరినీ అడ్డగించకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. ఆ ముసలమ్మను "కూకో మామ్మా" అని పిలవమని ఏ అధికరణమూ చెప్పదు. అది యజమాని చేయవలసిన పని. బల్ల మీద కూర్చున్న మిగతావారు ఆ పిలుపును వింటారు, తమ చోటు ఎలాంటిదో దానిని బట్టే గ్రహిస్తారు.

పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగే ఆ మంగళవారం నాడు ఎవరినీ పలకరించే తీరిక ఉండదు. ఆ రోజు గ్లాసు శుభ్రంగా ఉండి, చిల్లర సరిగ్గా ఇస్తే చాలు. అలాగే, మౌనంగా ఒక మూల కూర్చోవడానికి వచ్చిన మనిషిని మాటలతో వేధించకపోవడం కూడా కలుపుగోలుతనంలో భాగమే.

ఆ గంటస్తంభం హోటలు సంగతి ఒకటి మిగిలింది. ఆ వారమంతా కాఫీ ఎక్కువగా పారబోయవలసి వస్తోందని గ్లాసులు కడిగే ఆమెకు నాకన్నా ముందే తెలుసునట. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు రోజూ హోటలు కట్టే ముందు, ఏ పూట ఎన్ని గ్లాసుల్లో కాఫీ మిగిలిందో ఆయన ఆమెను కూర్చోబెట్టి అడుగుతున్నాడు.