గింజ లేని అరటి, జత కుదరని క్రోమోజోములు

సభకు నమస్కారం.

కణంలో జన్యువులను మోసే పోగుల్లాంటి క్రోమోజోములు ఎన్ని ఎక్కువ ఉంటే జీవి అంత గొప్పదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. మనిషి కణంలో ఉన్నవి 46. అదైనా 1956లో చియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు సరిచేసి ప్రకటించేదాకా 48 అనే చెలామణీ అయింది. ఆ 48 నిజంగా ఉన్నది బంగాళాదుంపకు. ఓఫియోగ్లాసమ్ అనే చిన్న ఫెర్న్ మొక్క జాతి ఒకదానిలో 1260 దాకా లెక్కించగా, మన అడవుల్లో తిరిగే మంట్‌జాక్ జింకలో ఆడదానికి 6, మగదానికి 7 మాత్రమే ఉన్నాయి. కాబట్టి సంఖ్యను బట్టి స్థాయిని కొలవబోవడం వృథాప్రయాస. అయితే ఆ క్రోమోజోములు జతలుగా సర్దుకోగలవా లేదా అన్నదాన్ని బట్టి ఆ జీవి సంతానోత్పత్తి తీరు చాలావరకు తేలిపోతుంది.

అడవి అరటిలో 11 చొప్పున రెండు సమితులు, మొత్తం 22 క్రోమోజోములు ఉంటాయి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జరిగే, క్రోమోజోముల సంఖ్యను సగం చేసే క్షయకరణ విభజనలో ప్రతి క్రోమోజోమూ తన జతతో కలిసి, తర్వాత చెరొక వైపుకు విడిపోతుంది. బీజకణానికి సరిగ్గా 11 అందుతాయి, పండు నిండా నల్లని గట్టి గింజలు పడతాయి. మన తోటల్లోని కర్పూర చక్రకేళి, అమృతపాణి రకాల్లో ఉన్నవి 33. ఒక్కో రకం మూడేసి ఉండడంతో రెండు జతకట్టినా మూడోది ఏ వైపుకు పోవాలో నియమం ఉండదు. ఒక కణానికి 14, ఇంకొకదానికి 19 చేరితే అలాంటి బీజకణాలు చాలావరకు పనికిరావు. అయినా ఫలదీకరణ లేకుండానే కండ పెరిగే గుణం ఉండబట్టి కాయ ఊరుతుంది. పండును అడ్డంగా కోసినప్పుడు నడుమ కనిపించే నల్లని చుక్కలు గింజలు కాలేకపోయిన అండాలే. ఇక రైతు తల్లిచెట్టు మొదట్లోని పిలకను తవ్వి నాటుకోవలసిందే.

పసుపుదీ ఇదే కథ. 21 చొప్పున మూడు సమితులు, మొత్తం 63. పువ్వు పూసినా విత్తనం పట్టడం అరుదు కనుక దుగ్గిరాలలోనైనా నిజామాబాదులోనైనా దుంపనే విత్తనంగా నాటుతారు. విచిత్రంగా కంచర గాడిదకూ 63 క్రోమోజోములే: గుర్రం నుంచి 32, గాడిద నుంచి 31, కాబట్టి జతలు సరిగా కుదరవు. దానికి పిలకా దుంపా లేవు కనుక వంశం దాదాపుగా అంతటితో ఆగిపోతుంది. గోధుమలో ఆరు సమితులున్నా 21 జతలుగా చక్కగా విడిపోతాయి. గింజకు లోటు లేదు.

తేనెటీగ ఈ లెక్కకు లొంగదు. రాణికీ కూలి ఈగలకూ 32 ఉండగా, ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పుట్టే పోతుటీగకు 16 మాత్రమే. జతలే లేవు గనుక సంఖ్యను సగం చేయకుండానే అది శుక్రకణాలను తయారుచేస్తుంది. దానికి తండ్రి లేడు, తల్లివైపు తాత మాత్రం ఉన్నాడు!

పిలకలతో పెంచే పంటకు మూల్యం ఉంది. తోటంతా ఒకే జన్యురూపం కనుక ఒక మొక్కను కూల్చిన తెగులు అన్నిటినీ కూల్చగలదు. ఒకప్పుడు ఎగుమతి మార్కెట్టును ఏలిన గ్రో మిషెల్ అరటి, శిలీంధ్రం వల్ల వచ్చే పనామా తెగులుకు అలాగే బలైంది. దాని స్థానంలోకి వచ్చిన కావెండిష్‌ను ఇప్పుడు ఆ శిలీంధ్రపు మరో రకం పట్టి పీడిస్తోంది. తెగులును తట్టుకునే కొత్త రకం కావాలంటే సంకరం చేయాలి, సంకరానికి గింజ కావాలి. అందుకే కొత్త రకాలను రూపొందించే ప్రజననకారులు నాలుగు సమితులున్న మొక్కలను ముందుగా సాధించి, వాటిని రెండు సమితుల అరటితో సంకరపరుస్తారు. ఆ గింజల నుంచి వచ్చే మొక్కల్లో మళ్లీ మూడు సమితులుండి, తినే పండులో గింజ లేకుండా పోతుంది.