చలికాలంలో ఈ నాజిల్ బాటిల్ కొబ్బరి నూనె కొనొచ్చా?

అందరికీ నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ బాటిల్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేం ఇవ్వలేదు. కోల్డ్ ప్రెస్డ్ (వేడి చేయకుండా పిండిన) కొబ్బరి నూనె, 200 ఎంఎల్, పైన దువ్వెన పళ్లలాంటి నాజిల్. ధర, మిగతా వివరాల జోలికి పోను.

నా గొడవంతా ఆ నాజిల్‌తోనే. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున హైదరాబాద్‌లో 24 ఎక్కడిదండీ? ఇక ఆదిలాబాద్, లంబసింగి వాళ్ల సంగతి అడక్కండి. సన్నటి పళ్లలో నూనె బిగుసుకుంటే ఎంత నొక్కినా చుక్క రాదు. ఇంకా గట్టిగా నొక్కారా, నాజిల్ ఊడి ముద్ద ఒళ్లో పడుతుంది. "వింటర్ కేర్" అని పేరు పెట్టి వింటర్‌లోనే పనిచేయని మూత! దీనికంటే వెడల్పు మూతి డబ్బా వంద రెట్లు నయం, వేలితో తీసుకోవచ్చు.

గడ్డకట్టడం మాత్రం నూనె తప్పు కాదు. చలిలోనూ నీళ్లలా పారుతుంటే లేబుల్ చదవండి, లిక్విడ్ పారాఫినో (పెట్రోలియం నుంచి తీసే నూనె), ఇంకో నూనో కలిసి ఉండొచ్చు. అలాగని గడ్డకట్టినదల్లా స్వచ్ఛమైనదీ కాదు. పామ్ కెర్నెల్ ఆయిల్ (పామ్ గింజల నూనె) కూడా గడ్డకడుతుంది.

కరిగించడానికి బాటిల్‌ని స్టవ్ మీద, మైక్రోవేవ్‌లో పెట్టకండి. స్నానానికి వాడేంత వేడి నీళ్లు మగ్గులో పోసి, అందులో ఐదు పది నిమిషాలు నిలబెట్టండి. నాజిల్ మునగకూడదు, నీళ్లు లోపలికి పోతే నూనె పాడై కంపు కొడుతుంది. కరిగాక అవసరమైనంత చిన్న గిన్నెలోకి వంపుకోండి. భుజాల దాకా జుట్టుకి రెండు టీస్పూన్లు చాలు. ఎక్కువ పట్టిస్తే వదిలించడానికి రెండుసార్లు షాంపూ పెట్టాలి, దాంతో జుట్టు ఇంకా పొడిబారుతుంది.

నూనె తలస్నానానికి గంట, రెండు గంటల ముందు, చెవుల కింది నుంచి కొసల దాకా. కొబ్బరి నూనెలోని లారిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకుతుంది, అందుకే కడిగేటప్పుడు ప్రొటీన్ తక్కువగా పోతుంది. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి. పొగలు కక్కే నీళ్లు హాయిగానే ఉంటాయి, కానీ మాడు మీది సహజమైన జిడ్డంతా కడిగేస్తాయి. తర్వాత కండిషనర్ కొసలకే, రెండు మూడు నిమిషాలు.

చుండ్రు ఉన్నవాళ్లు కాస్త వినండి. సన్నగా, పొడిగా తెల్లటి పొట్టు రాలితే అది మాడు పొడిబారడం కావచ్చు. జిడ్డుగా, పసుపుపచ్చగా పెచ్చులు, దురద ఉంటే చుండ్రే. దానికి కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్ మాడు మీది కొవ్వు తిని బతుకుతుంది. రాత్రంతా నూనె పెట్టి పడుకుంటే దానికి విందే! అప్పుడు నూనె మానేసి, 2 శాతం కీటోకొనజోల్ (ఫంగస్‌ని తగ్గించే మందు) ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాలకీ తగ్గకపోతే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

భోగి తలంటుకి నువ్వుల నూనె ఎటూ తెస్తారుగా, అది మన చలికి గడ్డకట్టదు. కొబ్బరి నూనెలో సగానికి సగం కలిపితే రాయిలా బిగుసుకోదు.

నూనె బాగుంది, వాసన కూడా తేలిగ్గా ఉంది. బాటిల్‌కి మాత్రం నా ఓటు లేదు. ఇదే నూనె జార్‌లో అమ్మితే కొనండి, నాజిల్ బాటిల్ మార్చి దాకా వద్దు.