పాతికేళ్ల కోరిక తీరింది, వీడియోలో మాత్రం అంతా మంచే

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోలో మొదటి ఐదు నిమిషాలు తెలుపు తప్ప ఇంకేమీ కనిపించదు. మీ ఫోన్ పాడైందనుకోకండి. అది మంచు. ఆ మంచు వెనకాలే, పదడుగుల దూరంలో, చిన్నప్పటి నుంచి నేను చూడాలనుకుంటున్న గుడి ఉంది.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది. బోర్డులు ఒడియాలో, ఇంట్లో గొడవలు తెలుగులో. అమ్మమ్మగారిది బరంపురం. సెలవులకి పలాసలో రైలెక్కితే నాన్న నన్ను ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టేవారు. "అదిగో మహేంద్రగిరి. దాని మీదే భీముడి గుడి." గుడి ఎలాగూ రైల్లోంచి కనపడదు. అందుకేనేమో, నా ఊహలో అది ఏటేటా పెరుగుతూ పోయింది. నేను స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వెళ్లేనాటికి దానికి రాజగోపురం కూడా కట్టేశాను!

వచ్చిన ప్రతిసారీ ఓ పెళ్లో, బ్యాంకు పనో అడ్డం పడేది. ఈసారి దిగిన మర్నాడే బొలెరో మాట్లాడేశాం. కోయిన్‌పూర్ దాకా హాయిగానే ఉంది. ఘాట్ మొదలయ్యాక నాన్న మాటలు ఆగిపోయాయి, నేను వీడియో ఆపేశాను. డ్రైవర్ సవర గిరిజన కుర్రాడు. నాన్నతో ఒడియా, నాతో తెలుగు, ఇంటి నుంచి ఫోన్ వస్తే సవర. మా ఊళ్లో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ సవర నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువులు తయారుచేశారు. అదే ఊళ్లో పుట్టి పెరిగిన నాకు మాత్రం ఒక్క ముక్క రాదు. కాస్త సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

ఈ కొండ ఎత్తు 1,501 మీటర్లు. పైన గాలి ఎలా ఉందంటే, మైక్‌లో నా గొంతు కన్నా నా చున్నీ చప్పుడే ఎక్కువ వినిపిస్తోంది. అందుకే ఇదంతా ఇంటికొచ్చాక మళ్లీ చెబుతున్నా.

సరే, గుడి. ఇదుగో, ఇప్పుడు కాస్త మంచు పలచబడింది, చూడండి. ఇంతే. మండపం లేదు, ప్రాకారం లేదు, ఒకటే గది. ఇంత చిన్నదా అని ఒక్క క్షణం ఉసూరుమన్నాను. కానీ దగ్గరికెళ్లి రాళ్లు చూశాక నోట మాట రాలేదు. మామూలు గుళ్లలా చిన్న చిన్న రాళ్లు పేర్చింది కాదు. ఒక్కో రాయి మా బొలెరో బానెట్ అంత ఉంది. రెండు రాళ్ల మధ్య సందులో వేలు పెట్టి చూశా, గోరు కూడా సరిగ్గా దూరలేదు. కొంచెం అవతల అదే సందులోంచి బొటనవేలంత మొక్క మొలిచింది, దాని ఆకు చివర నీటిబొట్టు. ఇంత ఎత్తులో ఈ రాళ్లని ఎవరెత్తారు? నాయనమ్మ దగ్గర జవాబు ఉండేది: "భీముడు కాక ఇంకెవులెత్తుతారే?" ఆవిడ శివరాత్రి జాతరకి నడిచే వచ్చేదిట ఇక్కడికి.

ఎడిన్‌బరో పక్కన రాస్లిన్ చాపెల్ అని ఓ పాత చర్చి ఉంది. 1446లో మొదలుపెట్టారు. జానెడు ఖాళీ వదలకుండా చెక్కేశారు, లోపల ఫొటోలు తీయనివ్వరు. ఇక్కడ చెక్కడాల హడావిడే లేదు, తీసుకోవద్దనే మనిషీ లేడు. గుట్కా కవర్లు మాత్రం ఉన్నాయి. నాలుగు ఏరి సంచిలో వేసుకున్నా.

కుంతి గుడికి కూడా వెళ్లాం. దీన్నే గోకర్ణేశ్వరుడి గుడి అని కూడా అంటారు. ఒకప్పుడు కళింగని ఏలిన తూర్పు గాంగ రాజులు తమ రాగిరేకుల్లో, మహేంద్ర శిఖరం మీది గోకర్ణస్వామే మా దైవం అని రాయించుకున్నారు. ఇక్కడే రాజేంద్ర చోళుడి విజయం చెప్పే శాసనం ఉంది, పక్కన చోళుల గుర్తు పులి, పాండ్యుల గుర్తు రెండు చేపలు చెక్కి ఉంటాయి. తంజావూరు నుంచి ఇంత దూరం వచ్చి సంతకం పెట్టి వెళ్లారన్నమాట. నేను ఫోన్ టార్చ్ వేసి వెతుకుతుంటే నాన్నకి ఆకలేసింది.

"ఏటమ్మా, కొండెక్కినా ఆ ఫోను ఒగ్గవేటి?"

పులిహోర పొట్లాలు విప్పాం. వాతావరణం బాగుంటే ఇక్కణ్నుంచి సముద్రం కనిపిస్తుంది. అటువైపు వేలు చూపించి, "అదీ సముద్రం" అన్నారు నాన్న. నేను ఆ తెలుపుని కూడా రెండు నిమిషాలు తీశా.

తిరిగి కోయిన్‌పూర్ వచ్చి టీ తాగుతుంటే వెనక ఎండ కాసింది. కొండ మొత్తం, కొస దాకా, కడిగినట్టుంది. నాన్న గ్లాసు పక్కన పెట్టి డ్రైవర్ వైపు చూశారు.

"మళ్లీ ఎక్కుదామేటి?"

"ఎక్కుదాం మాస్టారూ. ఇంకో ట్రిప్పు డబ్బులు అవుతాయి మరి."