రాయి దొరకని నేలలో శిల్పం: గోదావరి డెల్టా కళ కథ

[తెర మీద: కోనసీమలో పంట కాలువ, గట్టు మీద కొబ్బరిచెట్లు]

నమస్తే అండి. కోనసీమలో ఎక్కడైనా ఓ గొయ్యి తవ్వండి. ఒండ్రుమట్టి వస్తుంది, ఇసుక వస్తుంది, ఇంకాస్త తవ్వితే నీళ్ళు పడతాయి. రాయి మాత్రం తగలదు. మరి ఇక్కడి గుళ్ళలో ఇంత శిల్పం ఎలా వచ్చింది? చిన్నప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది.

[ఆదుర్రు స్తూపం]

ముందు పనికొచ్చింది మట్టే. వైనతేయ పాయ పక్కన ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. బండిచక్రానికి ఆకులున్నట్టు లోపల ఇటుక గోడలు కట్టి, వాటి మధ్య మట్టి కూరి, పైన గుండ్రటి దిబ్బ లేపడం ఆంధ్రదేశపు స్తూపాల పద్ధతి. దిబ్బంతా ఇటుకతో పేర్చే పని ఉండదు, బరువూ సమంగా పడుతుంది. మన డెల్టా మట్టికి ఇంతకన్నా తగిన కట్టడం ఉండదని నాకనిపిస్తుంది.

[సామర్లకోట భీమేశ్వరాలయం, ప్రాకారం నుంచి గర్భగుడి వైపు]

రాతి పని వేంగీ చాళుక్యులతో ఊపందుకుంది. వీళ్ళ మూలపురుషుడు కుబ్జ విష్ణువర్ధనుడు ఇప్పటి కర్ణాటకలోని బాదామి రాజు రెండో పులకేశికి తమ్ముడు. అందుకే అక్కడి గుడి కట్టే తీరు ఇక్కడా కనిపిస్తుంది.

892లో రాజైన చాళుక్య భీముడి పేరుతోనే ఈ గుడి. మా నాయనమ్మ శివరాత్రికి నన్ను ఇక్కడికే తీసుకొచ్చేది. కింద దణ్ణం పెట్టుకున్నాక మెట్లెక్కించి, "ఇప్పుడు స్వామి తల చూడరా" అనేది. నేల గదిలో మొదలైన తెల్లటి లింగం పై అంతస్తులోకి లేస్తుంది. పూజ పైన జరుగుతుంది. లింగం పొడుగుకు సరిపడేలా గర్భగుడినే రెండంతస్తులు చేశారు. దాక్షారామంలోనూ ఇంతే. అలంకారం చాలా తక్కువ. గోడలు సాదాగా ఉంటాయి, చూపంతా ఆ ఎత్తు మీదే నిలుస్తుంది. నాకు చెక్కడాలు కిక్కిరిసిన గుళ్ళకన్నా ఇదే ఇష్టం.

తర్వాత రాజమహేంద్రవరం రాజు రాజరాజ నరేంద్రుడి కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. దాంతో మన గోదావరికీ చోళుల కావేరికీ మధ్య రాకపోకలు ఇంకా పెరిగాయి.

[ర్యాలి, జగన్మోహినీ కేశవస్వామి]

ర్యాలి వెళితే తొందరపడకండి. ఒకే నల్లరాయిలో ముందు కేశవుడు, వెనక మోహిని. పూజారిగారు దీపం పట్టి వెనకవైపు చూపిస్తున్నప్పుడు జడ అల్లిక మీద కన్ను ఆగిపోతుంది.

[నరసాపురం అరుగు మీద లేసు అల్లుతున్న చేతులు]

19వ శతాబ్దంలో మిషనరీలు నరసాపురం ప్రాంతంలో లేసు అల్లడం నేర్పారు. బయటి నుంచి వచ్చిన పనే, కానీ మన ఆడవాళ్ళు దాన్ని తమది చేసుకున్నారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

[రాజమండ్రి, దామెర్ల రామారావు చిత్రాలు]

ఇక రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు. 1897లో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అతని చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివాడు. అక్కడ నేర్పేది పాశ్చాత్య పద్ధతి: వెలుగు నీడలు, శరీర నిర్మాణం. ఆ కొలతలు చేతికి పట్టించుకుని, గీతలోనూ కథలోనూ మాత్రం మనదాన్నే పట్టుకున్నాడు. 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు.

1925 ఫిబ్రవరిలో మశూచి అతన్ని తీసుకుపోయింది. 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. కానీ మిత్రులూ శిష్యులూ ఆ కళాశాలను వదిలేయలేదు. వరదా వెంకటరత్నం ఏళ్ళ తరబడి అక్కడే పిల్లలకు గీత నేర్పాడు.

ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీలోనే ఉన్నాయి. ఈసారి పుష్కరఘాట్‌కి వెళితే ఓ గంట అటు కేటాయించండి. 'పుష్పాలంకరణ' అనే బొమ్మ ముందు కాసేపు నిలబడి, రేఖ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో వేలితో గాల్లో గీసి చూడండి.