పసిపిల్లల షాంపూలో రసాయనాలు: వార్తలో రాలిపోయిన అంకెలు

సభకు నమస్కారం.

2009 మార్చిలో అమెరికాలోని ‘క్యాంపెయిన్ ఫర్ సేఫ్ కాస్మెటిక్స్’ అనే బృందం పిల్లల స్నానానికి వాడే 48 సరుకులను పరీక్ష చేయించి, 32 సరుకుల్లో క్యాన్సర్ కారకమని అనుమానించే 1,4-డయాక్సేన్ అనే రసాయనం ఉందని, ఫార్మాల్డిహైడ్ కోసం చూసిన 28 సరుకుల్లో 23లో అది కూడా ఉందని ప్రకటించింది. పరీక్షలు అబద్ధం కావు. నివేదికలో మోతాదులూ ఇచ్చారు. వార్త జనం దాకా వచ్చేసరికి మోతాదులు రాలిపోయి, ‘పసిపాప షాంపూ’, ‘క్యాన్సర్’ అనే రెండు మాటలే మిగిలాయి. ఆ రాలిపోయిన అంకెల గురించే ఈ పూట మాట్లాడతాను.

డయాక్సేన్‌ను షాంపూలో ఎవరూ కలపరు. నురగ కోసం వాడే సోడియం లారిల్ సల్ఫేట్ చర్మానికీ కళ్లకూ ఘాటుగా ఉంటుంది కాబట్టి, దాని ముడిసరుకును ఎథిలీన్ ఆక్సైడ్‌తో కలిపి, కాస్త సాధువైన లారెత్ సల్ఫేట్‌గా మారుస్తారు. ఆ చర్యలో పక్కన కొద్దిగా డయాక్సేన్ పుడుతుంది. అంటే బిడ్డ కళ్లు మండకూడదని చేసిన పనిలోనే ఈ మలినం వచ్చి చేరుతోంది. తక్కువ పీడనంలో ఆవిరిగా లాగేస్తే చాలా మటుకు పోతుంది గానీ పూర్తిగా పోదు. కలిపింది కాదు గనుక సీసా మీది జాబితాలో దాని పేరు కనిపించదు. ‘దాచిపెట్టారు’ అన్న అనుమానం పుట్టేది ఇక్కడే. నివేదికలో 0.27 నుంచి 35 పీపీఎం దాకా కనిపించింది. పది లక్షల పాళ్లలో ఒక పాలు, అదీ పీపీఎం అంటే. యూరప్ శాస్త్రీయ సంఘం తరవాతి కాలంలో 10 పీపీఎం లోపు సురక్షితమని తేల్చింది. కాబట్టి 35 దాకా వెళ్లిన సరుకును తయారుచేసినవారిని నిలదీయవలసిందే, అంతమాత్రాన 0.27 ఉన్నదాన్నీ అదే గాటన కట్టడం న్యాయం కాదు.

ఇక ఫార్మాల్డిహైడ్. క్వాటర్నియం-15 అనే ప్రిజర్వేటివ్, అంటే సరుకు పాడవకుండా కలిపే పదార్థం, దాన్ని మెల్లగా విడుదల చేస్తుంది. నివేదికలో అత్యధికం 610 పీపీఎం. బిడ్డ తలకు రెండు గ్రాముల షాంపూ రాశామనుకుందాం: అందులో ఉండేది సుమారు 1.2 మిల్లీగ్రాములు, అదీ కాసేపట్లో చెంబుడు నీళ్లతో కాలవలోకి పోతుంది. మన రక్తంలో, శరీరం తనంతట తాను తయారుచేసుకున్నదే, లీటరుకు 2, 3 మిల్లీగ్రాములు ఎప్పుడూ ఉంటుంది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది, నిజమే; అది ప్రధానంగా ఏళ్ల తరబడి దాన్ని పీల్చిన కార్మికులను చూసి తేల్చిన మాట. షాంపూ విషయంలో అసలు ఇబ్బంది అలర్జీ, అంటే దద్దుర్లు, దురద. క్యాన్సర్ అన్న మాట పక్కన దురద ఎవరికి ఆనుతుంది?

జాన్సన్ అండ్ జాన్సన్ 2012లో ఇటువంటి ప్రిజర్వేటివ్‌లను పిల్లల సరుకుల నుంచి 2013 ముగిసేలోగా తీసేస్తామని ప్రకటించింది. తీసేయడం మంచిదే, కానీ నీళ్లున్న సరుకులో ఏ ప్రిజర్వేటివూ లేకపోతే బాక్టీరియా పెరుగుతుంది. పారాబెన్‌లనే మరో రకం ప్రిజర్వేటివ్‌ల మీద భయం రేగినప్పుడు చాలా కంపెనీలు మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ఇంకో ప్రిజర్వేటివ్ వైపు మళ్లాయి. అది బేబీ వైప్స్‌లోకీ చేరింది. కొందరు పిల్లలకు నోటి చుట్టూ, పిరుదుల మీద దద్దుర్లు లేచాయి. అమెరికా చర్మ అలర్జీ వైద్యుల సంఘం 2013లో దానికి ‘ఈ ఏటి అలర్జీ కారకం’ అని పేరు పెట్టింది. ఒంటి మీద ఉండిపోయే సరుకుల్లో యూరప్ దాన్ని ఆ తరవాత నిషేధించింది.

అయితే ‘మోతాదు తక్కువే కదా’ అన్న మాటను అన్నిటికీ వర్తింపజేయకండి. సీసం (లెడ్) అనే లోహానికి సురక్షిత మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మన ఇళ్లలో ఆముదపు దీపం మీద పట్టిన మసితో చేసే కాటుక వేరు, గెలీనా అనే సీసపు ఖనిజాన్ని నూరి చేసే సుర్మా వేరు. చూపుకు రెండూ నల్లనివే. షాంపూ నిమిషంలో కడుక్కుపోతుంది. సుర్మా పూటంతా కంటికే ఉంటుంది, పసివాడేమో కళ్లు నులుముకున్న వేళ్లనే నోట్లో పెట్టుకుంటాడు.