పోర్ట్రెయిట్‌కి లాక్ చేస్తే లైఫ్‌సైకిల్ గొడవ తీరిపోతుందా?

ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్ళలో ఫోన్ తిప్పితే యాప్‌లో డేటా పోతోందని ఎవరైనా అడగడం ఆలస్యం, "పోర్ట్రెయిట్‌కి (నిలువు స్క్రీన్‌కి) లాక్ చేసేయ్ బ్రో, అయిపోద్ది" అంటారు. ఈ సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు అలాగే ఉంటుంది, పైకి కనబడదంతే.

ఒక రైలు టికెట్ ఫారం అనుకోండి. అమ్మ, నాన్న, అత్తయ్య, మావయ్య, నలుగురి పేర్లూ వయసులూ టైప్ చేశారు, ఇద్దరికి లోయర్ బెర్త్ పెట్టారు. చీకటి పడగానే ఫోన్ తనంతట తానే డార్క్ మోడ్‌లోకి మారింది. యాక్టివిటీ, అంటే యాప్‌లో ఆ స్క్రీన్, డిస్ట్రాయ్ అయి మళ్ళీ క్రియేట్ అయింది (ఇలా పుట్టి, ఆగి, పోయే క్రమమే లైఫ్‌సైకిల్), ఫారం ఖాళీ! ఫోన్‌ని ఎవరూ తిప్పలేదు కదా? భాష మార్చినా, ఫాంట్ సైజు పెంచినా, స్ప్లిట్ స్క్రీన్ పెట్టినా ఇదే కథ. పైగా యాప్‌ని ఆండ్రాయిడ్ 16 కోసం అని ప్రకటిస్తే (టార్గెట్ చేస్తే), 600 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) దాటిన పెద్ద స్క్రీన్ల మీద మీ లాక్‌ని మామూలుగా సిస్టమే పట్టించుకోదు.

దీనికోసమే 2017 గూగుల్ ఐఓ అనే డెవలపర్ల సభలో వ్యూమోడల్ తెచ్చారు, అంటే స్క్రీన్ డేటాని యాక్టివిటీ బయట పట్టుకునే ఆబ్జెక్ట్. పాత యాక్టివిటీ పోయినా అదే వ్యూమోడల్ కొత్తదానికి అందుతుంది, పేర్లన్నీ ఉంటాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నా బాధంతా అదే.

మన ఫారంలో మావయ్య వయసు గుర్తులేక వాట్సాప్‌లో అడగడానికి వెళ్ళారు, ఈలోగా ఫోన్ వచ్చింది, తర్వాత కెమెరా తెరిచారు. మెమరీ చాలక సిస్టమ్ మీ ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న మీ యాప్ మొత్తాన్ని, చంపేసింది. యాక్టివిటీ పోయేముందు నడవాల్సిన ఆన్‌డిస్ట్రాయ్ ఫంక్షన్‌ని కూడా పిలవదు, వ్యూమోడల్ కూడా పోతుంది. తిరిగొస్తే ఆండ్రాయిడ్ హోమ్ స్క్రీన్ చూపించదు, సరిగ్గా ఆ ఫారమే తెరుస్తుంది, కానీ ఖాళీగా. ముందు స్క్రీన్‌లో ఎంచుకున్న రైలు నంబర్‌ని ఏ సింగిల్‌టన్‌లోనో (యాప్ అంతటికీ మెమరీలో ఉండే ఒకే ఆబ్జెక్ట్‌లో) దాచి ఉంటే అది నల్ (విలువ లేదు), యాప్ క్రాష్. "నా ఫోన్‌లో బాగానే ఉందే" అని డెవలపర్లు కొట్టిపారేసే బగ్గుల్లో ఇవి బోలెడు.

అందుకే యూజర్ చేత్తో కొట్టిన అక్షరాలు, ఐడీలు సేవ్డ్‌స్టేట్‌హ్యాండిల్‌లో పెట్టండి, ప్రాసెస్ చచ్చినా సిస్టమ్ దాచి తిరిగిచ్చే చిన్న సంచి అది. కంపోజ్‌లో (స్క్రీన్‌లని కోడ్‌తో గీసే ఆండ్రాయిడ్ పద్ధతిలో) అయితే అదే పనికి రిమెంబర్‌సేవబుల్. రైళ్ళ లిస్టు మొత్తం అందులో కుక్కకండి, ఆ డేటా సిస్టమ్‌కి వెళ్ళే దారిలో ప్రాసెస్ మొత్తానికి కలిపి ఉన్న చోటు సుమారు 1 ఎంబీ, దాటితే ఆండ్రాయిడ్ 7 నుంచి నేరుగా క్రాషే. రేపటికీ ఉండాల్సిన డ్రాఫ్ట్ అయితే రూమ్ అనే లైబ్రరీతో ఫోన్‌లోనే ఉండే డేటాబేస్‌లో పెట్టాలి.

టైమ్ అయిపోతోంది, గబగబా రెండు ముక్కలు. స్ప్లిట్ స్క్రీన్‌లో యాప్ పాజ్ అయినా కనిపిస్తూనే ఉండొచ్చు కాబట్టి వీడియోని ఆన్‌పాజ్‌లో (పాజ్ అయినప్పుడు పిలిచే ఫంక్షన్) కాదు, ఆన్‌స్టాప్‌లో (స్క్రీన్ మీంచి పూర్తిగా పోయాక పిలిచేది) ఆపండి. ఇక టెస్టింగ్: రీసెంట్స్‌లోంచి (ఇటీవల తెరిచిన యాప్‌ల జాబితా) స్వైప్ చేస్తే సేవ్ చేసిన స్టేట్ కూడా పోతుంది, కాబట్టి అది ఈ టెస్ట్ కానే కాదు. ఫారం సగం నింపి, హోమ్ నొక్కి, ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి టెర్మినల్‌లో ఏడీబీ షెల్ ఏఎం కిల్ (adb shell am kill) అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరివ్వండి. ఇప్పుడు రీసెంట్స్‌లోంచి తెరిచి, మావయ్య పేరుందో లేదో చూసి కామెంట్‌లో చెప్పండి.