మేకు లేని పడవ, రేవు లేని పట్నం

సభకు నమస్కారం.

చెన్నపట్నం కథను అందరూ కోటతో మొదలుపెడతారు. నేను పడవ దగ్గర మొదలుపెడతాను. అప్పట్లో ఆ తీరానికి రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చింది మసూలా పడవ. దానికి ఒక్క మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు. మేకులు కొట్టిన పడవైతే ఆ అలల దెబ్బకు పగిలిపోయేది. ఈ కుట్టు పడవ అలతో పాటు వంగి, మళ్లీ సర్దుకునేది. సీమ నుంచి వచ్చిన ప్రతి దొరా మన పల్లెకారుల చేతుల్లో ప్రాణం పెట్టి దిగాల్సిందే.

అలాంటి చోటుకు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు ఎందుకొచ్చారంటే, బట్ట కోసం. 1611 నుంచి మచిలీపట్నంలో ఉన్నా అక్కడి అధికారులతో తగవులు తప్పలేదు. నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో మంచి అద్దకం బట్ట దొరకలేదు. అందుకే కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి దిగి, 1639 ఆగస్టులో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఈ ఇసుక నేలకు అనుమతి పుచ్చుకున్నాడు. ఇద్దరి మధ్య మాట నడిపిన దుబాసీ బేరి తిమ్మప్ప మన తెలుగువాడు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరే ఊరికి పెట్టారు.

మరుసటి ఏడు కోట పని మొదలైంది. ఖర్చు చూసి లండన్‌లోని కంపెనీ పెద్దలు మండిపడ్డారు. నేతగాళ్లను మాత్రం పన్ను మినహాయింపులిచ్చి మరీ పిలిచారు.

కోటలో బతుకు ఎలా ఉండేది? రైటరు, అంటే గుమాస్తా కుర్రాడికి ఏడాదికి 10 పౌన్లు జీతం. అందరూ ఒకే బల్ల దగ్గర భోజనం, రాత్రయితే కోట తలుపులు మూత. సొంత వ్యాపారం లేకపోతే గడవదు. జ్వరాలు సరేసరి. కోట బయట ఇంకా ఘోరం: 1646-47 కరువులో ఆ చిన్న ఊళ్లోనే సుమారు 3,000 మంది పోయారు. వాళ్లకు ఒక్క సమాధి రాయి కూడా లేదని తలుచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

దొరల రాళ్లు మిగిలాయి. కోటలోని సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ నేలంతా పరిచినవి సమాధి రాళ్లే. కింద సమాధులు లేవు. పాత శ్మశానం కోట బయట ఉండేది. 1758-59 ముట్టడిలో ఫ్రెంచివాళ్లు ఆ సమాధుల చాటున నక్కి కాల్చారు. దాంతో తర్వాత వాటిని కూల్చి, రాళ్లు ఇక్కడికి తెచ్చారు.

ఆ పాత శ్మశానంలోనే ఉండిపోయిన కొద్ది సమాధుల్లో ఒకటి హైకోర్టు పక్కన ఉంది. అందులో గవర్నరు ఎలిహు యేల్ కొడుకు డేవిడ్ ఉన్నాడు. ఆ బాబుకు నాలుగేళ్లు కూడా నిండాయో లేదో.